రెండు రోజుల సెలవు, ముప్పై గంటల రైలు

పోయిన వారం మా పిన్ని కొడుకు మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా, శని, ఆదివారాలు సెలవు. ఊరెళ్లనా, వద్దా?" వాడు ఘట్‌కేసర్ వైపు ఇంజినీరింగ్ సెకండియర్. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఈ ప్రశ్న నేనూ నాలుగేళ్లు వేసుకున్నాను, అందుకే వెంటనే జవాబివ్వలేకపోయాను.

లెక్క ఇది. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శ్రీకాకుళం రోడ్ చేరేసరికి మర్నాడు పొద్దున్న. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ రైలు. రానూపోనూ ముప్పై గంటలు బండిలో, ఇంట్లో ఇరవై ఏడు. అందులో పది నిద్రకే పోతాయి. ఫస్టియర్లో ఒకసారి ఇలాగే వెళ్లాను. కరెంటు పోతే అమ్మ విసనకర్రతో విసురుతూ కూర్చుంది, నేను మధ్యాహ్నం దాకా పడుకున్నాను. తిరిగొచ్చాక "వేస్ట్ రా" అని ఫ్రెండ్స్‌తో అన్నాను కూడా.

తర్వాత 2016లో ఇలాంటి సెలవే వచ్చింది. "క్లాసులున్నాయి" అని ఫోన్లో అబద్ధం చెప్పేశాను. శనివారం పొద్దున్న ఏడింటికి నాన్న ఫోన్. "సికింద్రాబాద్‌లో దిగినాను. అమ్మ అరిసెలు పంపింది."

ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీద, ఒళ్లో సంచీతో కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "క్లాసుందన్నావు గదా, పోయిరా. నానిక్కడే కూకుంటాను" అన్నాడు. చెప్పిన అబద్ధాన్ని ఇక మోయాల్సిందే. మోండా మార్కెట్లో తిరిగాను, క్లాక్‌టవర్ దగ్గర కూర్చున్నాను, వాచీ చూసుకున్నాను. కాస్త దూరం నడిస్తే ఆయన ఉన్నాడు. వెళ్లలేను. పన్నెండున్నరకి "క్లాసయిపోయింది" అంటూ వెళ్లాను.

స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో ఇరానీ చాయ్ తాగించాను. "పంచదార బాగా ఏసీసినాడు" అని సగం వదిలేశాడు. సాయంత్రం బండికే వెనక్కి. రెండు రాత్రులు రైల్లో గడిపి నాతో ఉన్నది నాలుగున్నర గంటలు. నేను దొంగిలించిన నాలుగు గంటల సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ పేజీ నాన్న ఫోన్లో చదువుతాడు కాబట్టి ఇవాళ తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ స్టేషన్ చూస్తే గుర్తుపట్టలేం. 1874లో నిజాం కాలంలో మొదలైన స్టేషన్. మనకి తెలిసిన పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు, కొత్త భవనం కడుతున్నారు. కొన్ని రైళ్లు చర్లపల్లి టెర్మినల్‌కి మారాయి. అందుకే తమ్ముడికి మొదట చెప్పింది, టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చూసుకోరా అని. చివరి నిమిషంలో ఆటోలో చర్లపల్లి పరుగెత్తడం మామూలు శిక్ష కాదు.

రిజర్వేషన్ గడువు కూడా 2024 నవంబర్ నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. అకడమిక్ క్యాలెండర్ రాగానే అలారం పెట్టుకుంటే సరి. కానీ ఏ స్టూడెంట్ పెట్టుకుంటాడు? మిగిలేది తత్కాల్. ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి.

వాడికి ఇంకొకటి చెప్పాను. సోమవారం ఇంటర్నల్స్ ఉంటే వద్దు, కనీసం ఒకవైపైనా బెర్త్ లేకపోతే వద్దు. వెళ్లకపోతే మాత్రం "ఓపిక లేదమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పు, క్లాసులని చెప్పకు.

"ఎందుకన్నయ్యా?" అన్నాడు. తర్వాత చెప్తాలే అన్నాను.

గురువారం పదకొండింటికి స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి బుక్ చేశాను. వెళ్లేటప్పటికి సైడ్ అప్పర్ దొరికింది. వచ్చేటప్పటిది వెయిటింగ్ లిస్ట్ 14. వాడు జనరల్‌లోనైనా వస్తానంటున్నాడు.