మూసీ పూడిక

11 మే 2025, ఆత్మకూర్ (ఎం)
పొద్దున్నే తమ్ముని కొడుకు వచ్చిండు. మూసీ నీళ్లతో నిండే చెరువుల పూడిక తీస్తున్నరట, ట్రాక్టర్ కిరాయి పెట్టుకుంటే చాలట. "నల్లగ నిగనిగలాడుతున్నది పెద్దబాపూ, మన చెల్కల పోస్తే ఎరువు కొనే పనే ఉండది" అన్నడు. ఒక ట్రాలీ అప్పటికే గట్టు పక్కన కుప్ప పోసిండు.

వానకు నిండే మా ఊరి చెరువు మట్టైతే నేనే ముందుండి పోయించేవాణ్ణి. మిషన్ కాకతీయ రోజుల్ల పోసుకున్నం, ఎర్ర నేల పదును పట్టింది. ఇది హైదరాబాద్ మోరీలు, కార్ఖానాల నీళ్లు కలిసిన మూసీ అడుగు. చేన్ల చల్లకు, ఆగమన్న. మొహం మాడ్చుకొని పోయిండు.

14 మే
పేడ, పెంట మురిగి మట్టైతయి. సీసం, కాడ్మియం, క్రోమియం ఎన్నేండ్లైనా మురగవు. సన్నటి ఒండ్రును పట్టుకొని అడుగున పేరుకుంటయి. మామూలు భూసార పరీక్షల పీహెచ్, భాస్వరం, పొటాష్, మహా అయితే జింక్, ఇనుము తేలుతయి. సీసం ఊసే ఉండదు. ఆ కాగితం చూసి ఈ మట్టి మంచిదనుకోవద్దు.

కుప్ప మీద టార్పాలిన్ కప్పించిన. వాన పడితే వాగుల కలుస్తది.

2 జూలై
భోపాల్ చెత్త కాల్చుడు అయిపోయిందని పేపర్ల వచ్చింది. 1984ల విషవాయువు లీకైన ఫ్యాక్టరీది, 337 టన్నులు. జనవరిల 12 కంటైనర్లల్ల పీతంపూర్‌కు పంపిన్రు. మా దగ్గరికెందుకని అక్కడి జనం రోడ్డెక్కిన్రు. వాళ్లను ఎట్ల తప్పు పడుతం? బూడిదనూ ఎక్కడో ఒకచోట పూడ్చాల్సిందే.

లెక్క వేసి చూసిన. మూసీ పూడిక చల్లిన ఎకరం చేన్ల పైన ఆరంగుళాల మట్టి తీస్తే సుమారు 900 టన్నులు. భోపాల్ చెత్తకు రెండున్నర రెట్ల పైమాటే! ట్రాలీకి మూడు టన్నులు పోసినా మూడొందల ట్రిప్పులు. ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటు దుండిగల్‌ల ఉన్నది. అంత దూరం తోలి, పూడ్చినందుకు పైసలు కట్టే తాహతు ఏ రైతుకున్నది? చల్లినంక ఎత్తలేం. చల్లకముందే ఆపాలె.

30 జూలై
కలుషిత స్థలాల మీద కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. చెడగొట్టినోళ్లే శుద్ధి ఖర్చు భరించాలె. మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కానీ మూసీని చెడగొట్టింది ఒక్క ఫ్యాక్టరీ కాదు, ఒక మహానగరం. పారకం కింది పొలాల లెక్క ఎవరి ఖాతాల రాస్తరు? మూసీ నుంచి వచ్చే బునాదిగాని కాలువ నీళ్లు కావాలని మేమూ ఏండ్ల సంది అడుగుతున్నం. నీళ్లతో పాటు ఏమొస్తదో గ్రామసభల అడగాలె. అడిగి తీరుత.

రేపు పిలగాడు, నేను నమూనాలు తీస్తం. కుప్పల ఐదారు చోట్ల కట్టెతోటి తవ్వి, కలిపి, అర కిలో ఒక సంచిల. మా ఊరి చెరువు మట్టి ఇంకో సంచిల. సీసం, కాడ్మియం, క్రోమియం చూడాలని చీటీ రాసి, ఆ పరీక్షలు చేసే ల్యాబ్‌కే ఇస్తం. ఫలితం వచ్చేదాంక టార్పాలిన్ తీసేది లేదు.