అభిజ్ఞానం లేని తాళంచెవి



యంత్రాల గురించి రాయడం నాకు అలవాటు లేని పని. అయినా ఈ మధ్య మా వాకిట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పవలెననిపించింది. ఇందులో కొంత కారు కథ, కొంత నా కథ.

మా తిరుమలగిరి సూర్యాపేట నుంచి జనగామకు పోయే దారిలో ఉన్న ఊరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి ఒక పాత కారు కొని మాకిచ్చాడు. చుట్టాలు వచ్చినప్పుడు ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ స్తూపం చూపించడానికి, మేము సూర్యాపేటలో ఆసుపత్రికి పోయి రావడానికి తప్ప దానితో మాకు పెద్దగా పని లేదు.

ఆ రోజు మా ఆవిడను ఆసుపత్రికి తీసుకొని పోవలసిన రోజు. కంటి శుక్లాలకు ఆపరేషను జరిగింది, కట్టు విప్పి చూడాలి, తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. ఏడున్నరకు కారు దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి మీది మీట నొక్కగానే తలుపులు తెరుచుకున్నాయి. తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది గాని అంటుకోలేదు. నాలుగైదు మార్లు ప్రయత్నించినా అంతే. స్టీరింగు ముందరి పలకలో కారు బొమ్మ, దాని మీద తాళంచెవి గుర్తు ఉన్న చిన్న దీపం ఒకటి మినుకు మినుకుమంటున్నది. దాని భాష నాకు తెలియదు.

"బస్సుల పోదాం నడువుండ్రి, డాక్టరు ఎల్లిపోతడు" అన్నది మా ఆవిడ.

బస్టాండుకు నడుస్తుంటే మా వీధి పిల్లవాడొకడు ఎదురయ్యాడు. పదో తరగతి చదువుతున్నాడు. ఆదివారాలు మా కారు కడుగుతాడు. అంతకు ముందు ఆదివారం తాళంచెవి వాని చేతిలోనే ఉన్నది.

"ఏమిరా, కారులో ఏమి కదిలించినావు?" అన్నాను.

"నేనేం ముట్టలే సారూ."

"నువ్వు ముట్టకపోతే దానంతట అదే చెడిపోతుందా?"

కిరాణా దుకాణం ముందు నిలుచున్న నలుగురు మా వైపు తిరిగి చూశారు. వాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. బస్సులోనూ మాట్లాడలేదు.

కన్ను బాగున్నదని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం ఇల్లు చేరి మెకానిక్కును పిలిపించాను. అతడు బ్యాటరీ చూశాడు, ఫ్యూజులు చూశాడు, పెట్రోలు పంపు చప్పుడు విన్నాడు. చివరకు ఆ దీపం వైపు వేలు చూపి, "బండి తాళాన్ని గుర్తు పడ్తలేదు సారు. ఇంకో తాళంచెవి ఉన్నదా?" అని అడిగాడు. లేదు. పాత కారుతో ఒక్కటే వచ్చింది. "ఈ నడుమ దీన్ని ఎవరితోనన్న ఇప్పించిన్రా?"

అప్పుడు గుర్తుకు వచ్చింది. తాళంచెవి పై డొప్ప పగిలితే, ముందురోజు సాయంత్రం నడుచుకుంటూ పోయి, బస్టాండు దగ్గర తాళాలు చేసేవానితో కొత్త డొప్ప వేయించుకొని వచ్చాను. మీటలున్న పలకను అతడు కొత్త డొప్పలోకి మార్చాడు. మీటలు పనిచేశాయి. సంతోషించి డబ్బులిచ్చి వచ్చాను.

మెకానిక్కు చెప్పినదాన్ని, తరువాత నేను అడిగి తెలుసుకొన్నదాన్ని కలిపి చెబుతాను. తాళంచెవి తలలో రెండు వేర్వేరు వస్తువులుంటాయి. మీటల పలక ఒకటి. అది తలుపుల కోసం, దానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. రెండోది చింతగింజలో సగమైనా లేని నల్లని చిప్పు. దానికి బ్యాటరీ లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ తీగచుట్ట ఒకటి ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్టలో అయస్కాంత క్షేత్రం పుడుతుంది. చాలా కార్లలో అది సెకనుకు సుమారు 1,25,000 సార్లు మారుతుంది. చిప్పు ఆ క్షేత్రం నుంచే శక్తి పుచ్చుకొని తన గుర్తింపు పలుకుతుంది. ఇంజను కంప్యూటరు దానిని తన దగ్గరున్నదానితో సరిచూసుకొని, కుదిరితేనే ఇంధనం వదులుతుంది. తరువాత వచ్చిన కార్లలో మరింత గట్టి ఏర్పాటు ఉన్నది. కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది, చిప్పు తన రహస్య సూత్రంతో అప్పటికప్పుడు సమాధానం చెప్పాలి. పృచ్ఛకుడు సమస్య ఇస్తే అవధాని పూరించినట్లు. పాత పూరణం ఎవరైనా దొంగచాటుగా విని వల్లించినా పనికిరాదు.

దీనిని ఇమ్మొబిలైజర్ అంటారు. జర్మనీలో, బ్రిటనులో 1998లోను, ఆస్ట్రేలియాలో 2001లోను, కెనడాలో 2007లోను కొత్త కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. తెలుగులో ఏమనవచ్చునా అని ఆలోచించాను. దుర్యోధనుడు మడుగులో దాగినప్పటి జలస్తంభన విద్య మనకు తెలిసినదే. ఇది నీటికి బదులు పెట్రోలును నిలిపివేస్తున్నది కనుక 'ఇంధనస్తంభని' అనుకొన్నాను. ఇంతకంటే తేలికైన మాట మీకు తోస్తే చెప్పండి, స్వీకరిస్తాను.

తాళాలవాని దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. అదృష్టం, పాత డొప్పలన్నీ ఒక రేకు డబ్బాలో వేసి ఉంచుతాడు. నాది వెతికి తీస్తే, లోపలి మూలలో నల్లని చిప్పు అంటుకొనే ఉన్నది. ఆ డొప్పను మెకానిక్కు తాళం రంధ్రం పక్కన పట్టుకొని తిప్పమన్నాడు. మొదటి తిప్పుకే ఇంజను అంటుకొన్నది, దీపం ఆరిపోయింది.

శాకుంతలం పాఠం చెప్పిన రోజులు మనసులో మెదిలాయి. భారతంలోని శకుంతల కథలో ఉంగరం లేదు, దుర్వాసుని శాపమూ లేదు. ఆ రెండింటినీ కాళిదాసు తెచ్చాడు. ఎదుట నిలిచినది శకుంతలే అయినా చేతికి ఉంగరం లేకపోతే రాజు గుర్తుపట్టడు. నా కారు కూడా అంతే. నాలుగేళ్ళుగా నడుపుతున్నవాణ్ణి ఎదుట కూర్చున్నా చిప్పు లేకపోయేసరికి దొంగనే అనుకొన్నది. ఉంగరం చేప కడుపులో దొరికింది, నాది రేకు డబ్బాలో.

నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చాను. "నవ్వింది చాలుగని, ఆ పిలగాన్ని గంత మాటన్నరు" అన్నది మా ఆవిడ, పచ్చని అద్దాల వెనుక నుంచి.

ఆ మాటకు ముప్పై ఏళ్ళకు పైబడిన సంగతి ఒకటి పైకి వచ్చింది. 1988లో పరీక్ష ఫీజుల డబ్బు లెక్కపెడితే ఇరవై రూపాయలు తక్కువైంది. ముందు బెంచీ పిల్లవాడి సంచి తరగతి ఎదుట దులిపించాను. మూడు రోజుల తరువాత ఆ నోటు నా శబ్దమంజరిలోనే, పేజీల నడుమ దొరికింది. డబ్బు దొరికిందని తరగతిలో చెప్పాను. ఎక్కడ దొరికిందో చెప్పలేదు, వానిని పిలిచి ఒక్క మాటా అనలేదు. తరువాతి సంవత్సరం వాడు బడికి రాలేదు. కారణం అదేనో కాదో నేను వెళ్ళి అడగలేదు. కారుకు అనుమానించడానికి ఒక నియమమైనా ఉన్నది, సరైన చిప్పు చూపగానే దారి ఇచ్చింది. నేను మాత్రం ఏ గుర్తూ అడగకుండానే ఇద్దరిని దొంగల చేశాను.

సాయంత్రం ఆ పిల్లవాని ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కంగారుగా కుర్చీ తెచ్చి వేసింది. "తప్పు నాది. తాళం విప్పించింది నేనే, నిన్ను ఊరికే అన్నాను" అని వానితో చెప్పాను. కిరాణా దుకాణం ముందు కూడా చెప్పాను, అన్నది అక్కడే కనుక. వాడు "సరే సారూ" అన్నాడు. కాసేపాగి, ఆ చిప్పు ఎట్లుంటదో చూపించమన్నాడు. జేబులోని పాత డొప్ప తీసి వాని అరచేతిలో పెట్టాను.

మీ కారుకూ ఇట్లా జరిగితే ముందు ఆ దీపం చూడండి. రెండో తాళంచెవి ఉంటే దానితో ప్రయత్నించండి. ఒకే గుత్తిలో మరో కారు తాళంచెవి ఉంటే వేరు చేయండి, రెండు చిప్పులు ఒకదానికొకటి అడ్డు రావచ్చు. డొప్ప మార్పిస్తే చిప్పు మారిందో లేదో అక్కడే అడగండి. పాత కారు కొనేటప్పుడు రెండు తాళంచెవులూ తీసుకోండి.

ఆ తరువాతి ఆదివారం పిల్లవాడు కారు కడగడానికి రాలేదు. ఆ పై ఆదివారం వచ్చాడు.