రాగిరేకులలో ఒక రాజు

మన నౌపడనుండి వంశధార ఒడ్డుననున్న ముఖలింగము ఒక పూట ప్రయాణము. గంగరాజుల కళింగనగరము ఈ ఊరేయని గుర్తించుటలో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఎంతో శ్రమపడిరి. వ్యావహారిక భాషకొరకు పోరాడినవారిగానే మనము వారి నెరుగుదుము గాని, శాసనములు చదువుటయందును వారు దిట్ట.

ఆ గంగవంశపు అనంతవర్మ చోడగంగదేవుని నేడు నీ యెదుట పెట్టగోరుచున్నాను. అతని బ్రదుకును మనకు తెలుపునవి ముఖ్యముగా దానపత్రములే. ఊరిని దానమిచ్చినప్పుడు రాగిరేకులపై చెక్కించి, రంధ్రములో కడియము దూర్చి, నందిముద్ర వేసి, పొందినవారి కిచ్చెడివారు. ఇంగ్లండును జయించిన నార్మను ప్రభువు విలియము 1086లో ఆ దేశపు భూములను తోలుకాగితములపై లెక్క వ్రాయించెను. దానికి ఐదేండ్లు ముందే, 1081లో, మన చోడగంగుడు రాగిపై చెక్కించుచుండెను.

అతని పట్టాభిషేకము శకము 999, కుంభమాసము, శుద్ధ తదియ, రేవతీ నక్షత్రము, శనివారమని రేకులు చెప్పుచున్నవి. లెక్క కట్టగా అది 1078 ఫిబ్రవరి 17 అయినది. ఆ దినము నిజముగా శనివారమే! ఇంత పాతమాట ఇట్లు సరిపడినప్పుడు చదువువానికి ధైర్యము కలుగును. అయినను తొందరపడకుము.

తండ్రి రాజరాజదేవుడు, తల్లి చోళరాజపుత్రి రాజసుందరి. అంతవరకు చిక్కులేదు. ఆ పైని పితరుల వరుస 1081 నాటి రేకులలో ఒక విధముగాను, 1118 నాటి రేకులలో మరియొక విధముగాను ఉన్నది. రెండవది విష్ణువునుండి మొదలై, చంద్రవంశము మీదుగా దిగివచ్చును. రాజ్యము పెరిగినకొలది వంశమును పొడవాయెను! మత్తయి, లూకాల వంశావళులను వేదాంత పాఠశాలలో ప్రక్కప్రక్కన పెట్టి చదివిన మాకు ఈ పని క్రొత్తది కాదు. ఎవరికొరకు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి అని ముందుగా అడుగవలెను.

ఒకచోట పడిపోయిన ఉత్కళరాజును తిరిగి నిలిపితిననును. 1118 నాటి రేకులలో సమస్త ఉత్కళమునకు తానే ప్రభువు. ఈ రెంటి నడుమ ఏమి జరిగెనో రాగి చెప్పదు. కులోత్తుంగ చోళుని సేనాని కరుణాకర తొండైమాను కళింగముపై దండెత్తి గెలిచిన సంగతిని కళింగత్తుప్పరణి యను తమిళ కావ్యము పాడుచున్నది. ఆ ఓటమి చోడగంగుని రేకులలో వెదకినను కానరాదు. పూరీ పురుషోత్తమాలయము కట్టించిన కీర్తిని చాటునవి అతని వంశీయులు తరువాత వేయించిన రేకులు. శత్రువు పాటను, రాజు రాగిని, మనుమల పొగడ్తను ఎదురెదురుగా కూర్చుండబెట్టి విచారింపవలెను. అప్పుడే దాదాపు డెబ్బదియేండ్లు ఏలిన మనుష్యుడు కొంత కనబడును.

ముఖలింగేశ్వరాలయపు రాళ్లమీది తెలుగు శాసనములు నాకు ఇంకను ప్రియము. అఖండదీపమునకై మాడలిచ్చిన వారి పేర్లు అందున్నవి. రాగిరేకులలో ఊరి పేరున్నది, ఎల్లలున్నవి, పొందినవాని గోత్రమున్నది. ఆ పొలము దున్నినవాని పేరు మాత్రము లేదు. ఊరు చేతులు మారినది, పన్ను చెల్లించుట అతనికి మారలేదు.

అట్లని ఆ రేకులను చులకన చేయకుము. 1081 నాటి రేకులు దొరికిన కోర్ని మన జిల్లాలోనిదే. నీ పొలములో నాగటికి రాగిరేకు తగిలిన యెడల కంచరి కొలిమికి పంపక, తహశీల్దారు కచ్చేరికి చేర్చుము. కడియము తెంపవద్దు, తోమవద్దు.