కౌన్సెలింగుకి పోయే ముందు మన సిగ్గు గురించి కొన్ని మాటలు

పోస్ట్ కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

ముత్తుకూరు నుంచి వాకాడు దాకా మన యానాది పిల్లలం హాస్టల్లో చేరిన మొదటి వారమే ఒకటి నేర్చుకుంటాం. ఊరి పేరు చెప్పొచ్చు, కాలనీ పేరు చెప్పకూడదు. ఎవడన్నా తల దువ్వుకోకుండా వస్తే "ఏందిరా యానాదోడి మాదిరి" అంటారు. పక్కనే ఉన్న మనమూ నవ్వేస్తాం. తర్వాత ఫెయిర్‌నెస్ క్రీము, ఫోన్లో ఫిల్టరు. అమ్మానాన్న చూడ్డానికొస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాళ్లు కూడా మనలో ఉన్నారు.

ఇదంతా మన సొంత లోపం అనుకుంటాం. కాదబ్బా, దీని వెనక పెద్ద కథే ఉంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో కులాల వాళ్లవీ తెగల వాళ్లవీ తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో యానాదులూ ఉన్నారు. ముక్కు వెడల్పుని బట్టి మనుషుల్లో ఎక్కువ తక్కువలు తేల్చొచ్చని ఆ కాలపు పండితులు కొందరు నమ్మారు మరి! ఇంకోపక్క 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. తెగలకు తెగలనే పుట్టుదొంగలుగా చూసిన చట్టం అది. 1952లో రద్దయింది. అయినా ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె వెతుకుతారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇట్టాంటి సిగ్గుతో నలిగేవాళ్ల కోసం బ్రిటన్ సైకాలజిస్టు పాల్ గిల్బర్ట్ కరుణ ఆధారంగా ఒక థెరపీ తయారుచేశాడు. "తప్పు చేశాను" అనుకుంటే దిద్దుకునే దారుంటది. "నేనే తప్పు" అనుకుంటే దాక్కోవడమే. లోపల్లోపల మంచిమాటలు చెప్పుకుంటున్నా కొందరికి ఆ గొంతు తిట్టినట్టే ఉంటదని ఆయన గమనించాడు. అందుకే ఆ గొంతుని మెత్తబరచడం సాధన చేయిస్తారు. మనలో ఒక చెల్లి ఆ గొంతు కోసం వాళ్ల అవ్వని తలుచుకుంటది. "తిన్నావా అమ్మే" అంటదంట, అంతే.

మన కులం, రంగు, కాలనీ సంగతి అడక్కుండా "కాన్ఫిడెన్స్ పెంచుకో" అని పంపేసే కౌన్సెలరు మనకి పనికిరారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యంలో కులవివక్ష కుదరదు. ఫలానా తెగవాడని జబ్బు అంటగట్టడమూ కుదరదు.

టెలి మానస్ నంబరు 14416. డబ్బులక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎట్టా మొదలుపెట్టాలో తెలియకపోతే, "మేం యానాదులం, నాకు అద్దం చూసుకోవాలంటే కష్టంగా ఉంది" అనండి. ఒంటరిగా చెయ్యలేకపోతే గ్రూపులో చెప్పండి, ఎవరో ఒకరం వచ్చి పక్కన కూర్చుంటాం.