నట్టు బిగిస్తే సరిపోతుందా?

నేనుండేది అమెరికాలో. ఇల్లు మారినప్పుడల్లా అక్కరకొస్తుందని ఆమధ్య ఒక పాత యుటిలిటీ ట్రైలర్ కొన్నా. దాని టైర్లు కాస్త వెడల్పు, లోపలివైపు ఫ్రేముకి రాసుకుంటున్నాయి. "పావంగుళం స్పేసర్ పడేయ్, పది నిమిషాల పని" అన్నాడొక మిత్రుడు, మనలాంటి కోడర్ మహాశయుడే.

పని పది నిమిషాలదే, నిజమే. చిక్కల్లా స్పేసర్ ఎంత మందమో, నట్టుకి అంత స్టడ్డు తగ్గిపోవడం. నా ట్రైలర్ స్టడ్లు అరంగుళానివి, అంగుళానికి ఇరవై మరలు. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడవు మర నట్టులోకి పోవాలన్నది మామూలు లెక్క. అంటే పది పూర్తి చుట్లు. స్పేసర్ లేకుండా పదకొండు తిరిగిన నట్టు, పెట్టాక ఆరే తిరిగింది. అయినా చేతికి గట్టిగానే బిగిసింది సుమండీ! అదే ప్రమాదం.

చక్రాన్ని నిలబెట్టేది హబ్బుకి అదిమిపెట్టే ఒత్తిడి. అది తగ్గితే చక్రం కొంచెం కొంచెంగా కదులుతుంది, స్టడ్డు అటూ ఇటూ వంగి వంగి ఒకరోజు పుటుక్కుమంటుంది.

అందుకని హబ్బు విప్పి పొడుగు స్టడ్లు వేయించా. ఇక్కడ ఇంకో మెలిక: మూత ఉన్న నట్లయితే పొడుగు స్టడ్డు వెళ్ళి మూతకి తగులుతుంది. టార్క్ రెంచి 'టిక్'మంటుంది, చక్రం మాత్రం వదులే! టెస్టులన్నీ పాసై ప్రొడక్షన్‌లో కూలిపోయే కోడు లాగన్నమాట. అందుకే రెండువైపులా తెరుచుకున్న నట్లు వాడాను.

స్పేసర్ మీద స్పేసర్ పెట్టకూడదు. ఆనుకునే చోట రంగూ, తుప్పూ గీకేయాలి. నట్లు నక్షత్రం వరసలో, రెండు మూడు దఫాలుగా, యాక్సిల్ మాన్యువల్ చెప్పిన టార్కుకి బిగించాలి. తర్వాత 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి మళ్ళీ చూడాలి. ఇంత చాదస్తమా అంటారా? ఊడిన ట్రైలర్ చక్రం మన మీదికి రాదండీ, వెనక కారులో వస్తున్నవాళ్ళ మీదికి పోతుంది. వాళ్ళకి మన స్పేసర్ల సంగతేం తెలుసు?

మీ ట్రైలర్‌కీ స్పేసర్లుంటే ఈ శనివారం ఒక్కో నట్టూ విప్పి చుట్లు లెక్కపెట్టండి. మళ్ళీ టార్క్ రెంచితో బిగించడం మాత్రం మరవకండేం!