బట్టల పరిమళము – తోడివారి యూపిరి

ఉతికిన బట్ట ఘుమఘుమలాడిననే శుభ్రమైనట్లని మనలో ననేకులు తలంచుచున్నారు. ఈ తలంపువలన మన యిండ్లలోనే కొందఱు పడు బాధను గూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మా స్టేషన్ ఘన్‌పూర్ వంటి యూళ్లలో పూర్వము చాకలివారు బట్టలను చవుటిమంటితో తడిపి, బానలో నుడికించి, రేవున బండపై నుతికి, యెండలో నారవేసెడివారు. పట్టుచీరలకు కుంకుడురసము వాడెడివారు. 1959లో సర్ఫు, 1969లో నిర్మా వెలువడిన పిమ్మట సబ్బుపొడులు క్రమముగా పల్లెలకును వచ్చినవి. వానివలన స్త్రీల రెక్కల కష్టము కొంత తగ్గినది, అది మేలే. ఇప్పుడు కడపటి జాడింపులో పోయు పరిమళద్రవములు వచ్చినవి. వీనివలన మురికి వదలదు. బట్ట మెత్తబడును, వాసన నిలుచును, అంతియే.

ఆ వాసన యంతకాల మెట్లు నిలుచును? కొన్ని ద్రవములలో పరిమళమును కంటికి గానరాని గుళికలలో నింపుదురు. అవి పోగులకంటుకొని, బట్ట రాపిడి చెందినపుడెల్ల పగిలి వాసన విడుచును. పరిమళములలో తఱచుగా నుండు లిమొనీన్ నారింజతొక్కలోను, లినలూల్ మల్లె మొదలగు పువ్వులలోను గలవే. ఐనను అవి గాలి సోకి మాఱినపుడు కొందఱి చర్మమునకు పడవు. మెడచుట్టును, చంకలలోను, చెమటపట్టి బట్ట యొరయుచోట్లను దురదయు దద్దురును పుట్టును. ఉబ్బసమువారికి దగ్గు, ఆయాసము; పార్శ్వపునొప్పి గలవారికి తలపోటు కలుగవచ్చును. అమెరికాలో 2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనయందు, సుగంధవస్తువులవలన తమకేదో యొక బాధ కలిగినదని నూటికి దాదాపు 35 మంది చెప్పిరి.

మేమెఱిగిన యొక యింట క్రొత్తకోడలు దుప్పట్లు మడతపెట్టునపుడెల్ల దగ్గుచుండెడిది. పనికి వంకలు పెట్టుచున్నదని యత్తగారి యనుమానము. "మాకెవ్వరికిని రాని వాసన నీకొక్కతెకే వచ్చునా?" అని యామె దెప్పెడిది. చిన్ననాటినుండియు తనకు ఉబ్బస మున్నదని చెప్పుట కా పిల్ల జంకినది. చెప్పినచో పుట్టింటివారికి మాట వచ్చునని భయము. ఒకనాటి రాత్రి ఊపిరాడక వైద్యుని యొద్దకు కొనిపోవలసివచ్చినపుడు గాని సంగతి బయటపడలేదు. ఆ ద్రవము మానిన పిదపను, దుప్పట్లను పలుమాఱులు ఉతికి యెండవేసిన తరువాతనే దగ్గు తగ్గినది.

అత్తగారి మాటలో నబద్ధము లేదు. దినదినము సోకు వాసనను ముక్కు క్రమముగా మఱచును. వాడువారికి తెలియదు, చాలలేదని మఱికొంత పోయుదురు. క్రొత్తగా వచ్చినవారికది గుప్పున తగులును. కనుక మన ముక్కుతో నొరుల బాధను కొలువరాదు. కాజీపేటనుండి సికింద్రాబాదునకు పోవు రైలుపెట్టెలో నిఱుకుగా గూర్చున్నవారు మన చీరవాసననుండి తప్పించుకొని యెక్కడికి పోగలరు?

ఐరోపాదేశములలో 2005లో యిట్టి 26 ద్రవ్యములు నియమితపరిమాణమును మించినచో వాని పేళ్లను సబ్బుపెట్టెపై వ్రాయవలెనను శాసనము అమలులోనికి వచ్చినది. మన సీసాలపై తఱచుగా "పెర్ఫ్యూమ్" అను నొక్కమాటయే కనబడును. కావున మన జాగ్రత్త మనమే పడవలెను. పొడిని కొలతకు మించి వేయరాదు. బట్టలను రెండు నీళ్లలో జాడించి, చక్కగా నెండవేయవలెను. పసిబిడ్డల గుడ్డలకును, చుట్టములకు పఱచు పక్కబట్టలకును పరిమళద్రవము వాడకుండుట మంచిది. కుంకుళ్లు మంచివే కాని, వాని పొడి యెగిరిన తుమ్ములు, నురుగు పడిన కండ్లమంట తప్పవు. వానినైనను రసముగా వాడవలెను. దద్దురు మానకున్నచో చర్మవైద్యుడు వీపున చిన్న పట్టీలు అంటించి, ఏ ద్రవ్యము పడదో కనుగొనగలడు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంట నెవరైన "ఈ వాసన నాకు పడదు" అన్నపుడు నమ్ముట. కోడలు గాని, పనిమనిషి గాని, ముసలి యత్తగారు గాని, ఆ మాట చెప్పుటకు జంకని యిల్లే యారోగ్యముగల యిల్లని మా నమ్మకము.