బిలాస్‌పూర్ నర్సింగ్ క్లాసు డైరీ

సెప్టెంబర్ 4
కొత్త బ్యాచ్ వచ్చింది. జశ్‌పూర్ ఉరావ్ పిల్లలు తమలో తాము కుడుఖ్ మాట్లాడుకుంటారు. పెండ్రా వైపు గోండు పిల్లలకు ఇంట్లో ఛత్తీస్‌గఢీయే. ఇద్దరు మలయాళీలు. రైల్వే కాలనీ నుంచి మన తెలుగమ్మాయి ఒకతె. ముత్తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. "ఆంటీ" అనబోయి, నాలుక కరుచుకుని "మేడమ్" అంది.

సెప్టెంబర్ 11
ఆక్సిజన్ తగ్గితే చర్మం నీలంగా మారుతుందంటుంది పుస్తకం. బొమ్మలో ఉన్నది తెల్లదొర. మా వార్డులో ఆ నీలం కోసం చూస్తూ కూర్చుంటే రోగి చేయి దాటిపోతాడు. పిల్లల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒకరి నాలుక, లోపెదవి, గోళ్ల మొదళ్లు ఒకరిచేత చూపించాను. రక్తం తక్కువైందా అంటే కింది రెప్ప లాగి చూడాలి. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుగులో. వేలికి తగిలించే ఆక్సీమీటర్ కూడా నల్లని చర్మం మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికాలో జరిగిన అధ్యయనం చెప్పింది. అంకె ఒక్కటే నమ్మొద్దన్నాను.

సెప్టెంబర్ 19
సికిల్ సెల్ పాఠం. ఈ రక్తజబ్బును 2047కల్లా నిర్మూలించాలన్న జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది మన కట్నీ రైల్వే లైన్‌లోని షహడోల్‌లోనే. ఈ జబ్బు పరీక్ష మాత్రం ఒకరి మీద ఒకరు చేసుకోవద్దన్నాను. ఫలితం క్లాసంతా తెలిస్తే రేపు పెళ్లిచూపుల దాకా పోతుంది. క్లాసయ్యాక ఒకమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, "క్యారియర్ అయితే ఉద్యోగం ఇవ్వరా, మేడమ్?" అంది. క్యారియర్ అంటే రోగి కాదని, భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ పుట్టే బిడ్డకు నూటికి పాతిక వంతులు జబ్బు భయమని చెప్పాను.

సెప్టెంబర్ 27
లాగ్‌బుక్కులు దిద్దాను. మిగతావాళ్లకు ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు నిండాయి. జశ్‌పూర్ పిల్లల్లో ఒకమ్మాయి పేజీలు ఖాళీ. ఉరావ్ ముసలమ్మలు ఎవరొచ్చినా మాట అర్థం కావాలంటే వార్డువాళ్లు ఆమెనే పిలుస్తున్నారు. పోస్టింగంతా వాళ్ల మంచాల దగ్గరే గడిచిపోయింది. అందరూ మెచ్చుకుంటున్నారు. పరీక్షలో మాత్రం ఆ మెప్పుకు మార్కులుండవు.

అక్టోబర్ 5
నొప్పి ఎక్కడ, ఏం తిన్నారు, ఒంటేలు సరిగా అవుతోందా... ఇలాంటి ప్రశ్నలు కుడుఖ్‌లో క్లాసంతటికీ ఆ జశ్‌పూర్ అమ్మాయి చేతే చెప్పించాను. తెలుగుపిల్ల దేవనాగరిలో రాసుకుంది, మలయాళీలు తమ లిపిలో. కొత్త డ్యూటీ చార్టులో జశ్‌పూర్ అమ్మాయిని ఇంజెక్షన్ రూమ్‌లో వేశాను. ప్రాణం మీదికొస్తే తప్ప, వార్డు నుంచి ఎవరు కబురు పంపినా ఈ వారం ఆమెను పంపను.